జైలు వార్డర్ డ్యూటీ చార్ట్: వేసేది ఎవరు, ప్రశ్నించే హక్కు ఎవరికి?

ములాఖత్ కోసం పొద్దున్నే జైలు గేటు దగ్గర నిలబడ్డ కుటుంబాలకు ఈ మాట కొత్త కాదు. "ఇవాళ స్టాఫ్ తక్కువ, కాస్త ఆగండి." ఆ 'కాస్త' ఒక్కోసారి మధ్యాహ్నం దాకా సాగుతుంది. ఎండలో పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ తల్లికి కోపం వస్తుంది. ఆ కోపం కిటికీ అవతల కూర్చున్న వార్డర్ మీదే పడుతుంది. ఆ వార్డర్ నిన్న రాత్రి డ్యూటీ చేసి, ఇంటికి వెళ్లకుండా ఇవాళ పగలు కూడా అక్కడే ఉన్నాడేమో మనకు తెలియదు.

మా మామూ ఒకాయన వార్డర్‌గా చేసి రిటైర్ అయ్యారు. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకు ఆయన ఇంట్లో ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చని మామీ ఇప్పటికీ అంటుంది. "చార్ట్‌లో పేరు పడింది, ఏం చేస్తాం" అనేవారట ఆయన. ఆ చార్ట్ ఎలా వేస్తారు, అన్యాయంగా వేస్తే ఎవరికి చెప్పుకోవాలి అని ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. జైలు శాఖలో మన పిల్లలు, బంధువులు పనిచేస్తున్నారు. జైలు లోపల మనవాళ్లు ఖైదీలుగానూ ఉన్నారు. ఇద్దరి రోజూ నడిచేది ఆ ఒక్క కాగితం మీదే. అందుకే దాని కథ వివరంగా తెలుసుకుందాం.

జైల్లో డ్యూటీ ఎందుకు వేరు

ఆఫీసుకు తాళం వేసి ఇంటికి వెళ్లొచ్చు. జైలుకు తాళం వేసిన తర్వాతే అసలు కాపలా మొదలవుతుంది. పొద్దున బ్యారక్‌లు తెరవడం, తలల లెక్క, భోజనం, ఆస్పత్రి, కోర్టుకు పంపే ఖైదీల జాబితా, ములాఖత్, సాయంత్రం మళ్లీ లెక్క, లాకప్, ఆ తర్వాత రాత్రంతా గస్తీ. ఆదివారం లేదు, పండగ లేదు. గేటు దగ్గర మనిషి లేచి వెళ్లాలంటే ఇంకో మనిషి వచ్చి కూర్చోవాలి.

జైలు రాష్ట్రాల పరిధిలోని అంశం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితాలో ఉంది. కాబట్టి పోస్టులు మంజూరు చేసేది, భర్తీ చేసేది రాష్ట్ర ప్రభుత్వమే. హైదరాబాద్‌లోని చంచల్‌గూడ, చర్లపల్లి అయినా, ఆంధ్రప్రదేశ్‌లోని రాజమండ్రి, విశాఖపట్నం, కడప, నెల్లూరు అయినా అంతే. లోపల క్రమం ఇలా ఉంటుంది: వార్డర్, హెడ్ వార్డర్, చీఫ్ హెడ్ వార్డర్, డిప్యూటీ జైలర్, జైలర్, సూపరింటెండెంట్. కింది మూడు మెట్ల మీద ఉన్నవాళ్లే రాత్రి కాపలాలో ఎక్కువ భాగం మోస్తారు.

కేంద్రం 2016లో తెచ్చిన నమూనా జైలు మాన్యువల్ కాపలా సిబ్బందికి 8 గంటల డ్యూటీ ఉండాలని, ఆరుగురు ఖైదీలకు ఒక వార్డర్ ఉండాలని చెబుతుంది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రం పాటించకపోతే దాన్ని పట్టుకుని జీతం పెంచమనో, మనుషుల్ని ఇమ్మనో గట్టిగా నిలదీసే వీలు వార్డర్‌కు లేదు.

ఒక్క కుర్చీకి ఎంతమంది కావాలి

కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి లెక్క వేసి చూశాను. మీరూ కాగితం మీద వేసుకోవచ్చు.

ఒక గేటు దగ్గర ఒక మనిషి 24 గంటలూ ఉండాలి. 8 గంటల చొప్పున రోజుకు మూడు షిఫ్టులు. ఏడాదికి 365ని 3తో గుణిస్తే 1,095 షిఫ్టులు. ఒక మనిషి ఏడాదిలో ఎన్ని రోజులు రాగలడు? 365లో 52 వారాంతపు సెలవులు తీసేస్తే 313. ఆర్జిత సెలవులు 30, క్యాజువల్ లీవులు 15 అనుకుంటే 268. జ్వరాలు, ట్రైనింగ్, ఇంట్లో చావులు, పెళ్లిళ్లు కలిపి ఓ 10 రోజులు తీస్తే 258. ఇప్పుడు 1,095ని 258తో భాగించండి. నాలుగుంపావు వస్తుంది. అంటే ఒక్క కుర్చీకి నలుగురికి పైగా మనుషులు కావాలి.

చాలామంది "మూడు షిఫ్టులు కదా, ముగ్గురు చాలు" అనుకుంటారు. ముగ్గురే ఉంటే ముగ్గురిలో ఎవరికీ ఏడాది పొడవునా ఒక్క సెలవు కూడా ఉండదు. ఒకరు సెలవు పెడితే మిగతా ఇద్దరూ 12 గంటల చొప్పున చేయాలి. ఇద్దరే ఉన్న చోట రోజూ 12 గంటలే. ఆ ఇద్దరిలో ఒకరికి జ్వరం వస్తే రెండోవాడు 24 గంటలూ అక్కడే.

ఇప్పుడు దేశం లెక్క చూడండి. జాతీయ నేర గణాంకాల సంస్థ జైలు నివేదిక ప్రకారం 2022 చివరికి దేశంలో 5 లక్షల 73 వేల మంది ఖైదీలు ఉన్నారు. జైళ్లలో చోటు దాదాపు 4 లక్షల 36 వేల మందికే. అంటే 100 మంది ఉండాల్సిన చోట 131 మంది. వాళ్లలో నలుగురిలో ముగ్గురు ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలు. సిబ్బంది వైపు చూస్తే సుమారు 91 వేల పోస్టులు మంజూరైతే పనిలో ఉన్నది 63 వేల 500 మంది చిల్లర. పది కుర్చీల్లో మూడు ఖాళీ. అధికారులు, డాక్టర్లు, గుమాస్తాలు అందరినీ కలిపినా తొమ్మిది మంది ఖైదీలకు ఒక ఉద్యోగి. నమూనా మాన్యువల్ చెప్పిన 'ఆరుగురికి ఒక వార్డర్' ఎక్కడ, ఇదెక్కడ!

షిఫ్టుల గొడవలన్నీ పుట్టేది ఈ తేడాలోనే. పై అధికారి ఎంత మంచివాడైనా, లేని మనిషిని చార్ట్‌లో రాయలేడు. ఉన్నవాడి పేరే రెండుసార్లు రాస్తాడు.

గొడవ ఎక్కడెక్కడ వస్తుంది

ప్రపంచంలో ఏ జైలు తీసుకున్నా చార్ట్ మీద తగవులు దాదాపు ఒకేలా ఉంటాయి.

మొదటిది, బలవంతపు డబుల్ డ్యూటీ. షిఫ్టు అయిపోయే సమయానికి "రిలీవర్ రాలేదు, ఉండిపో" అంటారు. ఎవరిని ఆపాలి, వరుసగా ఎన్నిసార్లు ఆపొచ్చు అన్న నియమం రాసి లేకపోతే, అధికారికి నచ్చనివాడి పేరే పదే పదే పడుతుంది.

రెండోది, వారాంతపు సెలవు. ఇచ్చినట్టే ఇచ్చి చివరి నిమిషంలో రద్దు చేయడం. ఆ రోజు కోసం డాక్టర్ అపాయింట్‌మెంట్ పెట్టుకున్న ఇల్లు తలకిందులవుతుంది.

మూడోది, ఏ పోస్టు ఎవరికి అన్నది. పగటి ఆఫీసు పని కొందరికే, రాత్రి గస్తీ ఎప్పుడూ కొందరికే. అమెరికాలో చాలా చోట్ల యూనియన్ ఒప్పందం ప్రకారం సీనియారిటీ లెక్కన షిఫ్టు ఎంచుకునే పద్ధతి ఉంది. దీనివల్ల పక్షపాతం తగ్గుతుంది. కానీ కొత్తగా చేరినవాళ్లకు ఏళ్ల తరబడి రాత్రులే మిగులుతాయి.

నాలుగోది, మహిళా సిబ్బంది. ఆడ ఖైదీల కాపలాకు మహిళలే ఉండాలి. మహిళా వార్డర్ల సంఖ్య తక్కువ కాబట్టి రాత్రి డ్యూటీ ఆ కొద్దిమంది మధ్యే తిరుగుతుంది. పసిపిల్లలున్న తల్లి అయినా సరే.

ఐదోది, పండగలు, ప్రార్థనలు. దీని గురించి కింద విడిగా చెప్తాను.

మన చట్టం ఏమంటుంది

మన జైళ్లకు పునాది 1894 నాటి జైళ్ల చట్టం. తెల్లదొరలు రాసింది. అందులో 22వ సెక్షన్ ప్రకారం కింది సిబ్బంది సూపరింటెండెంట్ లేదా జైలర్ అనుమతి లేకుండా జైలు వదిలి వెళ్లకూడదు. 54వ సెక్షన్ ఇంకా గట్టిది. అనుమతి లేకుండా, లేదా రెండు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకుండా డ్యూటీ మానేసినా, సెలవు అయిపోయాక కావాలని రాకపోయినా అది నేరం. మేజిస్ట్రేట్ ముందు రుజువైతే 200 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. అంటే డ్యూటీకి రాని వార్డర్ అదే జైలుకు ఖైదీగా రావచ్చు!

కార్మికులకు వేరే చట్టాలు ఉన్నాయి. ఫ్యాక్టరీలో యాజమాన్యం అన్యాయం చేస్తే కార్మికుడు లేబర్ కోర్టుకు వెళ్లొచ్చు. కానీ 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 'కార్మికుడు' అన్న మాటకు అర్థం చెబుతూ, పోలీసు సర్వీసులో ఉన్నవాళ్లతో పాటు 'జైలు అధికారి లేదా జైలు ఇతర ఉద్యోగి'ని కూడా బయటికి తీసేసింది. ఆ చట్టం స్థానంలో వచ్చి 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ మినహాయింపు అలాగే ఉంది. కాబట్టి డబుల్ డ్యూటీ మీద వార్డర్ లేబర్ కమిషనర్ దగ్గరికి వెళ్తే "మీరు మా పరిధిలోకి రారు" అనే జవాబే వస్తుంది.

మరి సంఘం పెట్టుకోవచ్చా? రాజ్యాంగం 19వ అధికరణ పౌరులందరికీ సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చింది. సైన్యం, శాంతిభద్రతల బలగాల విషయంలో ఆ హక్కును కుదించే అధికారం 33వ అధికరణ పార్లమెంటుకు ఇచ్చింది. దాని ప్రకారం పోలీసుల కోసం 1966లో విడిగా చట్టం తెచ్చారు. మామూలు ప్రభుత్వోద్యోగుల విషయంలో సుప్రీంకోర్టు గీత ఎక్కడ గీసిందో తెలియాలంటే నాలుగు తీర్పులు గుర్తుపెట్టుకుంటే చాలు.

1961లో బ్యాంకు ఉద్యోగుల కేసులో, సంఘం పెట్టుకునే హక్కులో సమ్మె హక్కు కలిసి లేదంది. 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో, శాంతియుత ప్రదర్శనలన్నిటినీ మూకుమ్మడిగా నిషేధించడం చెల్లదని, సమ్మె మాత్రం ప్రాథమిక హక్కు కాదని చెప్పింది. అదే ఏడాది ఓ.కె. ఘోష్ కేసులో, ప్రభుత్వ గుర్తింపు లేని సంఘంలో ఉద్యోగి చేరకూడదన్న నియమాన్ని కొట్టేసింది. 2003లో తమిళనాడు ఉద్యోగుల సమ్మె మీద వచ్చిన టి.కె. రంగరాజన్ కేసులో, ప్రభుత్వోద్యోగికి సమ్మె చేసే హక్కు లేనే లేదని తేల్చి చెప్పింది.

మొత్తం కలిపి చూస్తే ఇదీ సంగతి. సంఘంగా కూడవచ్చు, వినతిపత్రం ఇవ్వొచ్చు. పని మాత్రం ఆపకూడదు. మరి ఆ వినతిపత్రాన్ని సర్కారు చదవకుండా పక్కన పడేస్తే? ఆ ప్రశ్నకు మన చట్టంలో సూటి జవాబు లేదు. మిగిలింది హైకోర్టు. అక్కడికి వెళ్లాలంటే డబ్బు, టైమ్, పై అధికారితో పేచీ పెట్టుకునే గుండె, మూడూ కావాలి.

బ్రిటన్: చట్టం రాసిన దేశంలో ఏమైంది

మనకు 1894 చట్టం ఇచ్చిన బ్రిటన్‌లో జైలు అధికారుల సంఘం 1939 నుంచి ఉంది. అక్కడా పెద్ద గొడవలు గంటల మీదే వచ్చాయి. 1970లలో భోజన విరామానికి డబ్బు లెక్కించాలా వద్దా అన్న చిన్న విషయం దేశమంతా తగవుగా మారి, చివరికి ప్రభుత్వం జస్టిస్ మే నాయకత్వంలో విచారణ కమిటీ వేయాల్సి వచ్చింది. 1979లో ఆ నివేదిక వచ్చింది.

తర్వాత ఓటీ గొడవ. అక్కడి వార్డర్లు వారానికి సగటున 16 గంటల దాకా ఓటీ చేసేవారు. జైలు నడవాలన్నా ఓటీయే, ఇల్లు గడవాలన్నా ఓటీయే. 1986 ఏప్రిల్ చివర సంఘం ఓటీ ఆపేసింది. సిబ్బంది లేక ఖైదీలను బయటికి వదలకపోవడంతో ఒక్క రాత్రిలో పలు జైళ్లలో అల్లర్లు చెలరేగాయి. నార్త్‌ఐ అనే జైలు తగలబడింది. మరుసటి ఏడాది ప్రభుత్వం 'ఫ్రెష్ స్టార్ట్' పేరుతో ఓటీ జీతాన్ని ఎత్తేసి, మూల జీతం పెంచి, వారానికి గంటలు మెల్లగా తగ్గించే పద్ధతి తెచ్చింది.

1993లో కోర్టు ఒక విచిత్రమైన మాట చెప్పింది. జైలు అధికారికి పోలీసు కానిస్టేబుల్ అధికారాలు ఉన్నాయి కాబట్టి వాళ్ల సంఘం చట్టం దృష్టిలో యూనియనే కాదంది. 1994లో పార్లమెంటు ఆ యూనియన్ హోదా తిరిగి ఇచ్చింది, అదే చట్టం 127వ సెక్షన్‌లో సమ్మెకు పురిగొల్పడాన్ని నిషేధించింది. 2005లో స్వచ్ఛంద ఒప్పందం మీద ఆ నిషేధం సడలించారు. 2007 ఆగస్టు 29న వేల మంది అధికారులు ఒక్కసారిగా పని ఆపేశారు. 2008లో నిషేధం మళ్లీ వచ్చింది. 2016 నవంబర్‌లో భద్రత లేదంటూ మళ్లీ బయటికి వచ్చారు, హైకోర్టు అదే రోజు ఆపించింది.

ఇందులో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. సమ్మె హక్కు లాక్కున్నందుకు బదులుగా అక్కడ 2001లో జైలు సిబ్బంది జీతాల కోసం స్వతంత్ర సమీక్షా మండలి పెట్టారు. ఏటా సంఘం మాట విని, ప్రభుత్వం మాట విని, సిఫార్సు చేస్తుంది. గొడవలు పూర్తిగా ఆగలేదు. కానీ చెప్పుకోవడానికి ఒక చోటంటూ ఉంది.

న్యూయార్క్: 22 రోజుల సమ్మె, మూతపడ్డ ములాఖత్

న్యూయార్క్ రాష్ట్రంలో 1967 నాటి టేలర్ చట్టం ప్రభుత్వోద్యోగులకు యూనియన్, బేరసారాల హక్కు ఇచ్చింది, సమ్మెను నిషేధించింది. సమ్మె చేస్తే ఆ రోజు జీతం పోవడమే గాక, ఇంకో రోజు జీతం కూడా జరిమానాగా కోస్తారు. అయినా 1979లో జైలు గార్డులు రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. నేషనల్ గార్డు సైనికులు వచ్చి జైళ్లు నడిపారు.

2021లో న్యూయార్క్ నగరంలోని రైకర్స్ దీవి జైళ్లలో ఇంకో రూపం కనిపించింది. ఎవరూ సమ్మె అనలేదు. వేల మంది సిక్ లీవులో ఉండిపోయారు. వచ్చినవాళ్లకు వరుసగా మూడు షిఫ్టులు, అంటే 24 గంటలు. అది చేయలేక వాళ్లూ సిక్ అయ్యారు. గైర్హాజరీని యూనియన్ ప్రోత్సహిస్తోందని నగర ప్రభుత్వం కోర్టుకెక్కింది, మా వాళ్ల ప్రాణాలు తోడేస్తున్నారని యూనియన్ అంది. ఆ ఏడాది ఆ నగర జైళ్ల కస్టడీలో కనీసం 15 మంది ఖైదీలు చనిపోయారు.

తర్వాత 2025. ఫిబ్రవరి 17న రాష్ట్ర జైళ్లలో గార్డులు పని ఆపేశారు. యూనియన్ పిలుపు ఇవ్వలేదు. కింది నుంచే మొదలై పదుల జైళ్లకు పాకింది. సిబ్బంది కొరత, 24 గంటల బలవంతపు డ్యూటీలు, ఏకాంత నిర్బంధాన్ని పరిమితం చేసిన కొత్త చట్టం మీద కోపం వాళ్లు చెప్పిన కారణాలు. ఖైదీల కుటుంబాలు మాత్రం ఇంకో విషయం గుర్తుచేశాయి. 2024 డిసెంబర్‌లో మార్సీ జైలులో రాబర్ట్ బ్రూక్స్ అనే ఖైదీని గార్డులు కొట్టగా చనిపోయాడు. ఆ కేసులో గార్డుల మీద అభియోగాలు బయటపడింది సరిగ్గా ఈ సమ్మె మొదటి వారంలోనే.

గవర్నర్ నేషనల్ గార్డును దింపారు. రాష్ట్రమంతా ములాఖత్‌లు ఆగిపోయాయి. ఖైదీలు రోజుల తరబడి గదుల్లోనే ఉండిపోయారు. సమ్మె నడుస్తుండగానే మార్చి 1న మిడ్-స్టేట్ జైలులో 22 ఏళ్ల ఖైదీ చనిపోయాడు, గార్డుల మీద కేసులు నమోదయ్యాయి. మార్చి 10న సమ్మె ముగిసింది. 24 గంటల డ్యూటీల బదులు 12 గంటల షిఫ్టులు, ఏకాంత నిర్బంధ చట్టంలో కొన్ని భాగాలకు 90 రోజుల విరామం లాంటివి ఒప్పందంలోకి వచ్చాయి. తిరిగి రాని 2,000 మందికి పైగా గార్డుల ఉద్యోగాలు పోయాయి. దాంతో ఏమైంది? కొరతంటూ మొదలైన సమ్మె, కొరతను ఇంకా పెంచి ముగిసింది. ఆ తర్వాత కూడా నేషనల్ గార్డు నెలల తరబడి జైళ్లలో ఉండాల్సి వచ్చింది.

జుమా, రోజా, షిఫ్టు

మన పాఠకులు తప్పకుండా అడిగే ప్రశ్న: ప్రార్థన కోసం షిఫ్టు మార్చమని అడగొచ్చా?

అమెరికాలో దీని మీద రెండు పెద్ద తీర్పులు ఉన్నాయి. రెండూ జైలు కేసులు కావు, కానీ షిఫ్టు, సీనియారిటీ, మతం మూడూ కలిసిన కేసులు. 1977లో విమాన సంస్థ ఉద్యోగి హార్డిసన్ శనివారం పని చేయనన్నాడు. యూనియన్ సీనియారిటీ పద్ధతిని విరిచి అతనికి సెలవు ఇవ్వక్కర్లేదని, యజమానికి స్వల్ప భారం కన్నా ఎక్కువైతే ఒప్పుకోనక్కర్లేదని సుప్రీంకోర్టు అంది. 2023లో గ్రాఫ్ అనే పోస్టల్ ఉద్యోగి ఆదివారం డ్యూటీ కేసులో అదే కోర్టు గీతను జరిపింది. 'స్వల్ప భారం' చాలదు, వ్యాపారం మీద గణనీయమైన భారం పడుతుందని యజమాని చూపించాలి అంది.

మన జైళ్లలో ఇది ఎక్కువగా మనుషుల మధ్య సర్దుబాటు. దసరాకు నేను చేస్తా, రంజాన్ ఈద్‌కు నువ్వు చెయ్. మా మామూ కూడా అలాగే నెట్టుకొచ్చారు. ఆయన ఈద్ నమాజ్‌కు వెళ్లిన రోజుల్లో గేటు దగ్గర కూర్చున్నది హిందూ సహోద్యోగి. సంక్రాంతికి ఆయన ఇంటికి వెళ్తే ఇక్కడ మామూ కూర్చున్నారు. బాగానే ఉంది. కానీ మనుషులు తగ్గే కొద్దీ ఈ సర్దుబాటుకు చోటు తగ్గుతుంది. నలుగురున్న చోట మార్చుకోవచ్చు, ఇద్దరే ఉన్న చోట ఎవరితో మార్చుకుంటాం? అందుకే మార్పిడి హక్కు స్నేహం మీద ఆధారపడకుండా రాతలో ఉండాలని సంఘాలు అడుగుతాయి.

నోరు మూస్తే మాట ఎటు పోతుంది

మన దగ్గరి ఒక ఉదాహరణ చూడండి. జైలు సిబ్బందిది కాదు, పోలీసులది. 2024 అక్టోబర్‌లో తెలంగాణ స్పెషల్ పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల డ్యూటీలు, సెలవుల పద్ధతి మీద అసంతృప్తి పెరిగింది. వాళ్లు సంఘంగా బయటికి రాలేరు. వాళ్ల భార్యలు పిల్లల్ని తీసుకుని రోడ్డెక్కారు. 'ఏక్ పోలీస్' విధానం కావాలని, మా ఆయన ఇంటికి వచ్చేదెప్పుడని అడిగారు. కానిస్టేబుళ్లూ కదిలేసరికి 39 మందిని సస్పెండ్ చేశారు, 10 మందిని ఉద్యోగంలోంచి తీసేశారు.

బ్రిటన్ అయినా, న్యూయార్క్ అయినా, మన బెటాలియన్లు అయినా ఒకటే కనిపిస్తుంది. చార్ట్ మీద మాట్లాడటానికి మామూలు దారి లేకపోతే ఆ మాట సిక్ లీవుగానో, ఉన్నట్టుండి సమ్మెగానో, రోడ్డు మీద ఇల్లాలిగానో బయటికి వస్తుంది. జైలు విషయంలో దాని మొదటి దెబ్బ ఖైదీ మీద పడుతుంది. ములాఖత్ రద్దవుతుంది, బ్యారక్ తలుపు తెరుచుకోదు, నొప్పి అన్నవాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లే మనిషి ఉండడు. 20 గంటలు నిద్ర లేని మనిషి చేతిలో లాఠీ ఉండటం ఎవరికీ మంచిది కాదు. అలాగని కొట్టినవాడికి అలసట సాకు కాకూడదు. గార్డుకు యూనియన్ ఉండాలి, ఖైదీ మీద చెయ్యి చేసుకున్న గార్డును ఆ యూనియన్ దాచకూడదు. రెండూ ఒకేసారి చెప్పగలగాలి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1948లో తెచ్చిన 87వ ఒప్పందం సంఘ హక్కు నుంచి సైన్యానికి, పోలీసులకు మాత్రమే మినహాయింపు ఇవ్వొచ్చంటుంది. జైలు సిబ్బంది ఆ మినహాయింపులోకి రారని ఆ సంస్థ కమిటీ చెబుతోంది. సమ్మెను పరిమితం చేయొచ్చు, అప్పుడు బదులుగా నిష్పక్షపాతమైన, త్వరగా తేల్చే మధ్యవర్తి ఉండాలి అంటుంది. భారత్ ఆ ఒప్పందాన్ని ఇంకా ఆమోదించలేదు. 1894 చట్టం స్థానంలో రాష్ట్రాలు తెచ్చుకోవాలని కేంద్ర హోంశాఖ 2023లో నమూనా జైలు చట్టాన్ని పంపింది. రాష్ట్రాలు కొత్త చట్టం రాసుకునే సమయమే ఇలాంటి మధ్యవర్తి ఏర్పాటు అడగడానికి సరైన సమయం.

ఇంట్లో వార్డర్ ఉంటే గుర్తుంచుకోండి

డబుల్ డ్యూటీ పడ్డ ప్రతిసారీ తేదీ, టైమ్, పోస్టు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. ఆరు నెలల లెక్క చేతిలో ఉంటే అది ఫిర్యాదు కాదు, ఆధారం.

సెలవు నోటిమాటగా అడగొద్దు. కాగితం మీద రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. తిరస్కరిస్తే అది కూడా రాతలోనే ఇవ్వమని అడగండి.

కోపంతో చెప్పకుండా డ్యూటీ మానేయొద్దు. 54వ సెక్షన్ సంగతి పైన చెప్పాను. ప్రవర్తనా నియమాల కింద శాఖాపరమైన చర్య దానికి అదనం.

మీ జైలుకు ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని ఖాళీ అన్నది సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. కాపలా ఏర్పాట్ల వివరాలు భద్రత పేరుతో ఇవ్వకపోవచ్చు, ఖాళీల సంఖ్య మాత్రం దాచాల్సిన విషయం కాదు.

ఒంటరిగా కాకుండా ఉద్యోగుల సంఘం ద్వారా వినతి ఇవ్వండి. ఒక్కడి పేరు మీద పగ పట్టొచ్చు, వంద పేర్ల మీద పట్టడం కష్టం. అన్నీ అయ్యాక మిగిలే దారి 226వ అధికరణ కింద హైకోర్టు.

ములాఖత్‌కు వెళ్లేవాళ్లకు కూడా ఒక మాట. "స్టాఫ్ లేరు" అని ఈసారి వినిపిస్తే కిటికీలోని మనిషిని తిట్టి ఊరుకోకండి. ఆ ఖాళీలు ఎన్నో, ఎప్పటి నుంచో, ఎప్పుడు నింపుతారో మీ ఎమ్మెల్యేను అడగండి. ఆ జవాబు కోసం కిటికీ ఇవతల మీరు, అవతల ఆ వార్డర్ ఇంటివాళ్లు, ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.